ఇరవై ఆరు అంగుళాల చరిత్ర

పోర్ట్ బ్లెయిర్, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం, ఎత్తుపల్లాల ఊరు. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన. పాత మౌంటెన్ సైకిల్ మీద ఆఫీసుకెళ్లాలంటే టైరే ప్రాణం.

ఆ టైరు మూలం 1933లో ఉంది. అమెరికాలో ష్విన్ కంపెనీ లావుపాటి బెలూన్ టైర్లు తెచ్చింది. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు ఆ టైర్లున్న పాత సైకిళ్లనే కొండ దారుల్లో దౌడు తీయించారు. 1981లో స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ సైకిల్ మార్కెట్లోకొచ్చింది.

టైరు కొనేటప్పుడు చిక్కంతా ‘26’ అంకెతోనే. మౌంటెన్ టైరు రిమ్ముపై కూర్చునే చోట వ్యాసం 559 మిల్లీమీటర్లు. 26×1⅜ టైరుకు 590. పేరుకు రెండూ 26 అంగుళాలే, ఒకదాని రిమ్ముకు ఇంకొకటి పట్టదు! టైరు పక్కన అచ్చయిన 40-559 లాంటి అంకె చూసి కొనాలి, మొదటిది వెడల్పు.

బొడిపెల టైరు బురదకు మేలు. తారురోడ్డు మీద మాత్రం రొద, కాళ్లకు బరువు. నున్నటి సన్న టైరే హాయి. రబ్బరు పగిలిన పాత టైరును, బొడిపెలు ఎంత మిగిలినా, ఎక్కించకూడదు.