చిత్రమొకటి, స్వరములు రెండు

చరిత్ర వ్రాయువారు శాసనములను, దానపత్రములను, దినచర్యలను వెదకుదురు. టెలివిజన్‌లో ఒకనాడు ప్రసారమైన కార్యక్రమముల పట్టికను చరిత్రకు ఆధారముగా గ్రహించువారు అరుదు. కాని ఏ వేళకు ఏమి చూపిరి, ఎవరి భాషలో మాటలాడిరి, ఎవరిని మరచిరి అను విషయములను ఆ పట్టిక దాపరికము లేక తెలుపును.

బ్రిటన్‌లో బి.బి.సి. రెండవ ఛానల్ 1964 ఏప్రిల్ 20న ఆరంభమైనది. ఆ సాయంకాలము లండనులో విద్యుచ్ఛక్తి ఆగిపోవుటచే తలపెట్టిన వినోదములు సాగలేదు. మరునాటి ఉదయమున పసిపిల్లల కార్యక్రమము ప్రసారమైనది. 1967 జూలై 1న వింబుల్డన్ టెన్నిస్ పోటీలతో ఆ ఛానల్ రంగుల ప్రసారమునకు శ్రీకారము చుట్టెను. 1971లో సార్వత్రిక విశ్వవిద్యాలయపు పాఠములు వచ్చి చేరినవి. ఆ దశాబ్దపు వేసవి దినము నొకదానిని ఊహించుకొనుడు. వేకువజామున గణితశాస్త్ర పాఠము, పగలు పిల్లలకు ఆటపాటలు, మధ్యాహ్నము టెన్నిస్, సాయంకాలము వార్తలు, సంగీతము, నాటకము. చదువుకొను కార్మికుడు, ఆడుకొను శిశువు, రసికుడైన ప్రేక్షకుడు అందరును ఆ పెట్టె ముందు తమతమ వేళల కూర్చుండిరి. ఒకే దినమున ఇందరికి తావు కల్పించుటయే ఆ పట్టికలోని విశేషము.

ఆ దేశమునకే బ్రతుకుతెరువు వెదకుకొనుచు సూరత్, భరూచ్ ప్రాంతముల నుండి గుజరాతీలు వేలకొలది వెళ్లియుండిరి. అందు పలువురు లాంకషైర్ పట్టణములలోని నూలుమిల్లులలో పనిచేసిరి. భారత, పాకిస్తాన్ దేశముల నుండి వచ్చినవారి కొరకు బి.బి.సి. 1965 అక్టోబరులో ఆదివారపు ఉదయములందు ఒక కార్యక్రమమును మొదలుపెట్టెను. దాని పేరు ‘అప్‌నా హీ ఘర్ సమఝియే’, అనగా ‘దీనిని మీ ఇల్లే అనుకొనుడు’ అని అర్థము. పిలుపు ఆదరముతో కూడినదే. కాని ఆ పిలుపు హిందీ ఉర్దూల మిశ్రభాషలో వచ్చినది. సూరత్ నుండి వెళ్లిన నేతపనివానికి అది తెలియని భాష కాకపోవచ్చును, ఇంటిభాష మాత్రము కాదు. అతిథికి పీట వేసిరి. అతని మాటలో పలుకరింపలేదు.

మన దేశమున ఈ సమస్య మరింత విస్తృతముగా ఎదురైనది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, సైట్ అను సంక్షిప్తనామముతో ప్రసిద్ధమైన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగము జరిగినది. అమెరికా వారి ఎ.టి.యస్.-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ప్రసారములు అందినవి. అందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును కలవు. గ్రామమున కొక పెట్టె. దానికి ఇనుపవలతో అల్లిన గొడుగువంటి యాంటెనా. దినమునకు నాలుగు గంటల ప్రసారము. అందు ఉదయము గంటన్నర బడిపిల్లలకు, సాయంకాలము రెండున్నర గంటలు పెద్దలకు. వ్యవసాయము, ఆరోగ్యము, కుటుంబ సంక్షేమము, జానపద కళలు సాయంకాలపు విషయములు. ప్రతిదినము అరగంటసేపు దేశమంతటికి ఉమ్మడిగా హిందీ కార్యక్రమము ఉండెడిది.

ఉపగ్రహము నుండి వచ్చు ఒక్క చిత్రమునకు రెండు ధ్వనిమార్గములు ఉండుటచే, ఒకే దృశ్యమును ఆంధ్ర గ్రామమున తెలుగులోను కర్ణాటక గ్రామమున కన్నడములోను వినుటకు వీలైనది. అనువాదకుని దృష్టిలో ఇది మిక్కిలి ఆలోచింపదగిన ఏర్పాటు. పొలమును చూపి వెనుక నుండి వ్యాఖ్యానించునపుడు రెండు భాషలును సమముగ ఇముడును. రైతు తెరపైకి వచ్చి తానే మాటలాడునపుడు మాత్రము అతని పెదవులు ఒక భాషకే లోబడియుండును. రెండవ భాష అతనికి ఎరువు సొమ్ము. కావున ఇరువురికిని సరిపోవలెనన్నచో మనుష్యుల సంభాషణ తగ్గి వ్యాఖ్యాత కంఠము పెరుగుటకు అవకాశము కలదు. పొదుపు కొరకు చేసిన ఏర్పాటు చెప్పు తీరునే మార్చగలదు.

ఇందుకు భిన్నమైన మార్గము గుజరాత్‌లోనే కనబడినది. ఖేడా జిల్లాలోని పీజ్ గ్రామమున 1975లో ఒక చిన్న ప్రసార కేంద్రమును నెలకొల్పిరి. అహమ్మదాబాదు అంతరిక్ష కేంద్రమువారు ఆ జిల్లా ప్రజల సమస్యలనే ఇతివృత్తములుగా తీసికొని, వారి గుజరాతీ పలుకుబడిలో కార్యక్రమములు తయారుచేసిరి. గ్రామస్థులు కేవలము ప్రేక్షకులుగాక అందు పాత్రధారులును అయిరి. 1984లో యునెస్కో ఈ ప్రయత్నమును పురస్కరించెను. మరుసటి సంవత్సరమే పీజ్ ప్రసార కేంద్రము మూతపడుట విచారకరము.

ఇక సూరత్ నగరమునకు వత్తము. అచ్చటి గుజరాతీ నేతపనివాడు లాంకషైర్ చేరినట్లే, తెలంగాణ జిల్లాల పద్మశాలీలు మరమగ్గముల పనికై సూరత్ చేరిరి. వారి పిల్లల కొరకు నగర ప్రాథమిక విద్యా సమితి తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడిపినది. పురపాలక విద్యాశాఖ తెలుగును గుర్తించినను, ఆకాశము చాలకాలము గుర్తింపలేదు. 1982 ఆగస్టు 15న దూరదర్శన్ జాతీయ కార్యక్రమము ఆరంభమైన పిమ్మట, ఆ ఇండ్లలో రాత్రివేళ ప్రధానముగా హిందీయే వినబడెను. ఉపగ్రహము ద్వారా తెలుగు ఛానళ్లు మొదలైన తరువాతనే, హైదరాబాదులో విను మాట సూరత్‌లోను అదే క్షణమున వినుట సాధ్యమైనది.

ఇది గొప్ప లాభమే. అయినను ఆ పట్టికలను సైట్ దినముల పట్టికతో పోల్చి చూడవలెను. భాష చేరినది, దానితో ప్రధానముగా చలనచిత్రములు, ధారావాహికలు, వార్తలు చేరినవి. బడిపిల్లల ఉదయపు గంటన్నర అంతటి ప్రాధాన్యముతో మరల రాలేదు. సైట్ నాడు తెలుగు పిల్లవానికి పాఠము చెప్పు భాష. ఛానళ్లనాటికి ముఖ్యముగా వినోదపు భాష. ఇంట వినోదమునకును, బయట బ్రతుకునకును వేరువేరు భాషలైనచో, పరదేశముననున్న పిల్లవాడు తన భాషలో చదువుటకును వ్రాయుటకును పూనుకొనుట కష్టము.

హిందీ వలన మనకు కలిగిన మేలును కాదనుట ఈ వ్యాసము తాత్పర్యము కాదు. గుజరాతీ కథ తెలుగువానికి, తెలుగు కథ గుజరాతీకి చేరుటకు పెక్కుసార్లు హిందీయే దారి చూపినది. అయితే దారి ఉన్నదని చెప్పి ఇల్లు అక్కరలేదనరాదు. ఒకనాటి ప్రసారములలో ఎన్ని వినోదములు ఉన్నవని మాత్రమే లెక్కించిన చాలదు. సూరత్‌లో మగ్గము దిగివచ్చిన తండ్రియు, బడి నుండి వచ్చిన కుమార్తెయు తమ మాటలో నేర్చుకొనదగినది ఆ దినమున ఒక్క అరగంటయైన ఉన్నదా అని అడుగవలెను.