వులిమిరి రామలింగస్వామి

వులిమిరి రామలింగస్వామి (1921 ఆగస్టు 8 – 2001 మే 28) శ్రీకాకుళంలో పుట్టిన పాథాలజిస్టు, ప్రజారోగ్య పరిశోధకుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వైద్యం, ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేటు చేశాడు. కూనూరు పోషకాహార పరిశోధనశాలలో పనిచేశాడు. తర్వాత హైదరాబాదుకు తరలి జాతీయ పోషకాహార సంస్థగా మారింది ఆ ప్రయోగశాలే. 1969 నుంచి పదేళ్లు ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరు.

ఆయన పేరు నిలబెట్టింది పదవులు కావు, ఉప్పు. హిమాలయ పాదంలోని కాంగ్రా లోయలో గాయిటర్ ఇంటింటా ఉండేది. తిండిలో అయోడిన్ చాలకపోతే థైరాయిడ్ గ్రంథి దొరికిన కాస్తనూ పట్టుకోవాలని ఉబ్బుతుంది, గొంతు కింద కాయ కడుతుంది. 1956లో రామలింగస్వామి బృందం లోయను మూడు మండలాలుగా విడగొట్టింది. ఒకదానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, ఇంకోదానికి అయొడేట్ కలిపినది, మూడోదానికి మామూలు ఉప్పు పంపారు. కొన్నేళ్లకు మొదటి రెండు చోట్లా జబ్బు బాగా తగ్గింది, మూడోచోట తగ్గలేదు. తర్వాత అక్కడికీ అయోడిన్ ఉప్పే పంపారు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. వంటింటికి చేరేసరికి ఉప్పులో అయోడిన్ పది లక్షల్లో 15 పాళ్లకు తగ్గకూడదన్నది నేటి ప్రమాణం.

అయితే తిండీ నీళ్లూ తెచ్చే జబ్బులన్నిటికీ ఈ ఉప్పు మార్గం సరిపోదు. అనంతపురం మెట్టలో కథ తిరగబడింది. అక్కడ జబ్బు లేమివల్ల కాదు, బోరునీళ్లలో ఫ్లోరైడ్ మితిమీరడంవల్ల. పళ్లు గారపట్టి, ఎముకలు బిగుసుకుపోతాయి. చిటికెడు కలిపితే తీరే లోటు కాదది, తాగేనీటినే మార్చాలి. 1995లో మొదలైన సత్యసాయి మంచినీటి పథకం ఆ జిల్లాలో వందలాది ఊళ్లకు పైపుల నీళ్లు తెచ్చింది.

1979–86 మధ్య రామలింగస్వామి భారత వైద్య పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్. మనుషులపై పరిశోధనలకు నైతిక నియమాలను మండలి 1980లో ప్రకటించింది. మందుల ప్రయోగాలకు దేశంలో హద్దులు గీసిన తొలి పత్రాల్లో అదొకటి. ఉప్పుకొచ్చిన పేరు దానికి రాలేదు. 1986లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. 1994 సూరత్ ప్లేగుపై విచారణ సంఘానికి అధ్యక్షత వహించాడు.

1996లో యూనిసెఫ్ ప్రచురణలో మరిద్దరితో కలిసి రాసిన ‘ఆసియా చిక్కుముడి’ వ్యాసం, దక్షిణాసియాలో పిల్లల బలహీనతకు తిండి కొరత ఒక్కటే కారణం కాదనీ, తల్లుల స్థితిలోనే మూలం వెతకాలనీ వాదించింది. కరువు జిల్లాల పోషణను వానల లెక్కతోనే కొలిచేవారు ఆ వ్యాసం ఒకసారి చదవాలి.