అరేబియా ఎడారిలో తుఫాను వాన: ఒక చారిత్రక పరిశీలన (2018-2020)

1. ఉపోద్ఘాతం:

ఏడాది సగటు వర్షపాతాన్ని బట్టి ఒక ప్రాంతపు స్వభావాన్ని నిర్ణయించడం వాడుక. ఎడారి విషయంలో ఆ సగటు అసలు చరిత్రను మరుగుపరుస్తుంది. ఏళ్ల తరబడి చినుకు ఎరుగని ఇసుకనేలపై ఒక్క తుఫాను కొన్నేళ్ల వానను ఒకటి రెండు రోజుల్లో కుమ్మరించి పోతుంది. ఆ వాన ఫలితం ఆ నేలకే పరిమితం కాదనడానికి 2018లో అరేబియా ద్వీపకల్పాన్ని తాకిన రెండు తుఫానులు నిదర్శనం.

2. రుతుపవనం - ఎడారి:

నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీదుగా తేమను మోసుకొస్తాయి. అయినా ఒమన్ తీరంలో అవి భారీవర్షాన్ని ఇవ్వవు. తీరం వెంట సముద్రగర్భం నుండి చల్లని నీరు పైకి ఉబుకుతుంది. పైన ఎడారి నుండి వచ్చే వేడి పొడిగాలి మూతలా కమ్మి, మేఘాన్ని ఎత్తుకు ఎదగనీయదు. ధోఫార్ కొండలపై మాత్రం వేసవి చివరి నెలల్లో మంచుతెరలతో తుంపర పడుతుంది. దీనిని అక్కడివారు 'ఖరీఫ్' అంటారు. తెలుగు రైతుల పంటకాలానికి పేరైన అరబ్బీ పదమే ఇది. ఆ కొండలకు ఆవల ఉన్న రుబ్ అల్ ఖాలీ ఎడారికి ఈ తుంపర చేరదు.

రుతుపవనం ఉద్ధృతంగా ఉన్నప్పుడు పైగాలులకూ కిందిగాలులకూ వేగంలో, దిశలో తేడా పెరగడం వల్ల తుఫానులు అరుదు. అవి ఎక్కువగా ఆ కాలానికి ముందో వెనుకో వస్తాయి. 1890లో మస్కట్‌ను, 1977లో మసీరా దీవిని దెబ్బతీసిన తుఫానులు, 2007 నాటి గోను జూన్ నెలలోనే వచ్చాయి.

3. రెండు తుఫానులు - మిడతల దండు:

2018 మే 25న మెకును తుఫాను సలాలా సమీపంలో తీరం దాటింది. ఆ నగరంలో 24 గంటల్లో 278 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఇది అక్కడి ఏడాది సగటుకు రెండింతల పైమాట. రుబ్ అల్ ఖాలీలో ఇసుకతిన్నెల నడుమ మడుగులు వెలిశాయి. మొలిచిన పచ్చిక ఎండుముఖం పట్టే వేళకు, అక్టోబరు 14న, లుబాన్ తుఫాను యెమెన్ తూర్పు తీరాన్ని తాకింది.

ఎడారి మిడత తడి ఇసుకలో గుడ్లు పెడుతుంది; పిల్లలు పచ్చికపై బతుకుతాయి. జనసంచారం లేనిచోట వాటిని గమనించినవారు లేరు. మూడు తరాల్లో వాటి సంఖ్య 8,000 రెట్లు పెరిగిందని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అంచనా. 2019లో దండులు ఒకవైపు ఇరాన్, పాకిస్తాన్‌ల మీదుగా రాజస్థాన్‌కు, మరోవైపు యుద్ధంతో చితికిన యెమెన్ నుండి ఇథియోపియా, సోమాలియాలకు చేరాయి. ఆ డిసెంబరులో సోమాలియాను తాకిన పవన్ తుఫాను వాటికి మళ్లీ తడినేలను సమకూర్చింది. 2020 మే నెలాఖరుకు దండులు విదర్భ దాకా రాగా, తెలంగాణ ప్రభుత్వం సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేసింది.

4. ముగింపు:

తుఫాను చరిత్రను సాధారణంగా తీరంలో జరిగిన నష్టంతో ముగిస్తారు. 2018 అనుభవం ఆ పద్ధతి చాలదని చెబుతోంది. మనుషులు లేని ఎడారిలో కురిసిన వాన, ఏడాది రెండేళ్ల తరువాత వేల కిలోమీటర్ల దూరాన రైతుల చేలల్లో నష్టమై తేలింది. కనుక తీరం దాటిన తరువాతి తేమ ఎక్కడ ఇంకిందో, అక్కడ ఏమి మొలిచిందో కూడా తుఫాను చరిత్రలో భాగం కావాలి.