76 లక్షల సీడీల తర్వాత ఏం పాడాలి?

జపానులో ఇప్పటిదాకా అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బం ఏదని అడిగితే జవాబు 1999 దగ్గర ఆగిపోతుంది. ఆ ఏడాది మార్చి 10న వచ్చిన 'ఫస్ట్ లవ్'. పాడిందీ, మాటలూ ట్యూనూ కట్టిందీ పదహారేళ్ళ ఉతాదా హికారు. అక్కడ పాటల అమ్మకాలు లెక్కగట్టే ఓరికాన్ సంస్థ ప్రకారం 76 లక్షల కాపీలకు పైనే పోయాయి. పాతికేళ్ళు దాటినా దాన్ని కొట్టినవాళ్ళు లేరు. నన్నడిగితే ఇక కొట్టబోయేవాళ్ళూ ఉండరు. ఎందుకంటే ఆ రికార్డులో సగమే ఉతాదాది. మిగతా సగం ఒక వ్యాపార యంత్రాంగానిది, ఆ యంత్రాంగం ఇప్పుడు లేదు.

అయితే ఈ టపా ఆ అంకె గురించి కాదు, ఆ తర్వాతి కథ గురించి. పదహారేళ్ళకే అంత పెద్ద అంకె మెడలో పడిన మనిషి మిగతా జీవితమంతా ఏం పాడాలి?

ముందో చిన్న మాట. తను నాన్-బైనరీ అని, అంటే ఆడా మగా అన్న రెండు గళ్ళలో ఇమడనని, ఉతాదా 2021లో బహిరంగంగా చెప్పారు. ఇంగ్లీషులో రాస్తే ప్రతి వాక్యంలో సర్వనామం దగ్గర ఆగి ఆలోచించుకోవాలి. మన తెలుగులో 'తను' అని, 'పాడారు' అని అనేస్తే చాలు. భాష మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది.

ఉతాదా పుట్టింది 1983 జనవరి 19న, న్యూయార్కులో. తండ్రి ఉతాదా తెరుజానె సంగీత నిర్మాత. తల్లి ఫుజి కేకో. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. 'ఎన్కా' అని జపానులో ఒక పాత తరహా పాట ఉంది. విరహం, ఊరు విడిచిన దిగులు, మద్యం, అన్నీ గొంతు వణుకులోనే పలికిస్తారు. ఆ బాణీలో ఫుజి కేకో 1970లో సంచలనం. తన మొదటి ఆల్బం 20 వారాలు, దాని వెనకే రెండోది 17 వారాలు, మొత్తం 37 వారాలు ఆ కుర్చీ వదల్లేదు. అంటే తల్లీబిడ్డలిద్దరూ ఎదిగీ ఎదగని వయసులోనే తమ తమ కాలాల్లో కొండెక్కి కూచున్నవాళ్ళే.

ఉతాదా చిన్నప్పుడే అమ్మానాన్నలతో కలిసి 'యూ3' పేరుతో పాడారు. తర్వాత 'క్యూబిక్ యూ' పేరుతో ఇంగ్లీషులో 'ప్రెషస్' అనే ఆల్బం చేశారు. అది 1998 జనవరిలో జపానులో విడుదలైతే పట్టించుకున్నవాళ్ళు తక్కువ. అదే ఏడాది డిసెంబరు 9న 'ఆటోమేటిక్' అనే సింగిల్ జపనీస్‌లో వచ్చింది. అంతే, తలుపులు విరిగిపోయాయి. ఆ ఒక్క సింగిలే 20 లక్షలు దాటింది.

అందులో కొత్తేమిటి? అప్పటిదాకా జపనీస్ పాప్‌లో మాట ఎక్కడ విరగాలో ట్యూనూ అక్కడే విరిగేది. ఉతాదా అమెరికన్ ఆర్ అండ్ బీ లయ ముందు పెట్టుకుని, పదాన్ని మధ్యలో విరిచి, రెండో ముక్కని తర్వాతి తాళంలో వేశారు. ట్యూను ముందు, మాట తర్వాత అన్న పద్ధతిలో పెరిగిన మన సినిమా పాటలు విన్నవాళ్ళకి ఇది వింతగా ఉండదు. పైగా జపనీస్ కూడా మన తెలుగులాగే అచ్చుతో ముగిసే పదాల భాష, సాగదీస్తే సాగుతుంది, విరిస్తే విరుగుతుంది. కానీ ఆ పని పదిహేనేళ్ళ పిల్ల, వేరే పాటల రచయిత సాయం లేకుండా చెయ్యడం అక్కడివాళ్ళు చూడలేదు.

ఇక యంత్రాంగం సంగతి. జపాను సీడీల పరిశ్రమ శిఖరం 1998. ఆ ఏడాది అక్కడ తయారైన రికార్డింగుల విలువ సుమారు 60 వేల కోట్ల యెన్‌లు. ఆల్బం ధర దాదాపు 3 వేల యెన్‌లు, ఏ దుకాణంలోనైనా అదే. కంపెనీ పెట్టిన ధర తగ్గించి అమ్మకుండా కట్టడి చెయ్యడానికి అక్కడి చట్టమే వీలిస్తుంది. దీనికి తోడు టీవీ సీరియళ్ళు. 'ఫస్ట్ లవ్' పాట 1999లో ఒక ప్రేమకథ సీరియల్‌కి శీర్షిక గీతం. రాత్రి సీరియల్లో వినడం, మర్నాడు సీడీ కొనడం, వారాంతంలో స్నేహితులతో కరావోకేలో పాడడం. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా 76 లక్షలు సాధ్యం కాదు.

గొలుసు ఎంత బిగువుగా ఉండేదో చూడాలంటే 2001 మార్చి 28 చూడాలి. ఉతాదా రెండో ఆల్బం 'డిస్టెన్స్', అప్పటి మరో పెద్ద తార హమసాకి అయుమి పాటల సంకలనం 'ఏ బెస్ట్', రెండూ ఒకే రోజు విడుదలయ్యాయి. మొదటి వారంలోనే ఉతాదాకి 30 లక్షలు, హమసాకికి 28 లక్షల పైచిలుకు. మన సంక్రాంతికి ఇద్దరు పెద్ద హీరోల సినిమాలు ఢీకొన్నట్టన్నమాట. అప్పటికి ఉతాదా వయసు పద్దెనిమిది. మధ్యలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి, చదువు పూర్తి చెయ్యకుండానే వదిలేశారు.

2002లో మూడో ఆల్బం 'డీప్ రివర్' వచ్చింది. మనకి ఇందులో ఓ చుట్టరికం ఉంది. ఎండో షుసాకు రాసిన అదే పేరున్న నవలే ఈ పేరుకి ప్రేరణ. ఆ నవలలో నది మన గంగ, ఊరు కాశీ. పందొమ్మిదేళ్ళ పాప్ తార ఆల్బం పేరు కోసం చావూ పునర్జన్మా గురించిన నవల దగ్గరికి వెళ్ళడం అప్పట్లో ఎంతమంది గమనించారో గానీ, తర్వాతి కథకి ఇదే మొదటి ఆనవాలు అని నాకనిపిస్తుంది.

అక్కణ్ణుంచి అంకెలు దిగడం మొదలైంది. 2004లో 'ఎక్సోడస్' అనే ఇంగ్లీషు ఆల్బంతో అమెరికాలో దిగితే బిల్‌బోర్డ్ 200 జాబితాలో 160వ స్థానం. జపానులో 2006లో 'అల్ట్రా బ్లూ', 2008లో 'హార్ట్ స్టేషన్' రెండూ మొదటి స్థానంలోకి వచ్చినా, ఒక్కోటీ అమ్మింది 'ఫస్ట్ లవ్'లో సుమారు ఎనిమిదో వంతు. పాటలు పలచబడ్డాయా? అల్ట్రా బ్లూ వినండి, ఏర్పాటంతా దాదాపు ఒంటిచేత్తో కట్టిన ఆల్బం అది. పలచబడింది సీడీ. జనం మొబైల్‌లోకి పాట దించుకోవడం నేర్చుకున్నారు. 2007లో వచ్చిన 'ఫ్లేవర్ ఆఫ్ లైఫ్' రింగుటోన్లతో కలిపి 70 లక్షల డౌన్‌లోడ్లు దాటింది. అంటే వినేవాళ్ళు ఎక్కడికీ పోలేదు, లెక్క రాసే పుస్తకం మారిందంతే. ఆ తర్వాత సీడీలో కరచాలనం టికెట్టు పెట్టి అమ్మిన ఏకేబీ48 లాంటి బృందాలు లక్షల్లో అమ్మాయి. అక్కడ సీడీ పాట కోసం కాదు, టికెట్టు కోసం.

2010 ఆగస్టులో ఉతాదా ఒక ప్రకటన చేశారు. వచ్చే ఏడాది నుంచి పాటలు ఆపేస్తున్నానని, ఇకపై 'మానవ కార్యకలాపాల'లో ఉంటానని. జపనీస్‌లో 'నింగెన్ కత్సుదో'. సంగీత కార్యకలాపాలు అనే వాడుక మాటకి అది కొంటె జవాబు. అప్పటికి వయసు 27. ఆ డిసెంబరులో యోకొహామాలో రెండు కచేరీలు చేసి వెళ్ళిపోయారు.

మన ఐటీవాళ్ళకి ఈ సంగతి చప్పున అర్థమవుతుందనుకుంటా. చదువైన రోజు నుంచి ప్రాజెక్టు మీద ప్రాజెక్టు, ప్రతి ఏడాదీ అప్రైజల్, ప్రతి అప్రైజల్లోనూ పోయినేడాదితో పోలిక. మధ్యలో ఎప్పుడైనా 'నేను కాసేపు మనిషిగా ఉంటాను' అని మేనేజరుకి మెయిలు పెట్టే ధైర్యం మనలో ఎంతమందికుంది? డబ్బున్నవాళ్ళకి అన్నీ చెల్లుతాయి అంటారా, ఒప్పుకుంటాను. కానీ డబ్బున్నా ఆగనివాళ్ళనే నేను ఎక్కువ చూశాను.

ఆ విరామంలోనే, 2013 ఆగస్టులో, ఫుజి కేకో చనిపోయారు. 2015లో ఉతాదాకి కొడుకు పుట్టాడు.

2016 ఏప్రిల్‌లో ఎన్‌హెచ్‌కే ఉదయం సీరియల్‌కి 'హనతబ ఒ కిమి ని' అనే పాట మొదలైంది. 'నీకో పూలగుత్తి' అని అర్థం. రోజూ పొద్దున్నే ఆఫీసులకి బయల్దేరేముందు దేశమంతా విన్న హాయైన పాట. కానీ పూలగుత్తి పెళ్ళిలోనూ ఇస్తారు, పోయినవాళ్ళ దగ్గరా పెడతారు. అది అమ్మకి రాసిన ఉత్తరం. సెప్టెంబరు 28న వచ్చిన 'ఫాంతోమ్' ఆల్బమంతా తల్లికే అంకితం. అందులో ఇంగ్లీషు బాగా తగ్గింది, వాయిద్యాలు తగ్గాయి, గొంతు ముందుకొచ్చింది. మొదట్లో అమెరికన్ లయ తెచ్చి పేరు తెచ్చుకున్న మనిషి, దుఃఖం వచ్చేసరికి అమ్మ పాడిన భాషలోకే పూర్తిగా తిరిగొచ్చారు.

2018లో వచ్చిన ఆల్బం పేరు 'హత్సుకోయి'. అంటే తొలిప్రేమ. 1999 నాటి పేరునే జపనీస్‌లో పెట్టారు. 2022 జనవరిలో, సరిగ్గా పుట్టినరోజున, 'బ్యాడ్ మోడ్'. అందులో ఒక పాట దాదాపు 12 నిమిషాలు. రేడియో కోసమో సీరియల్ కోసమో అయితే ఎవరూ ఒప్పుకోరు. 2024లో పాతికేళ్ళ పాటల సంకలనం 'సైన్స్ ఫిక్షన్' వచ్చినప్పుడు మూడు పాత పాటల్ని మళ్ళీ పాడి రికార్డు చేశారు. పదహారేళ్ళప్పుడు పాడిన మాటలే నలభై దాటిన గొంతులో వింటే వేరే మాటల్లా ఉంటాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఉతాదా గొప్ప ఆల్బం 'ఫస్ట్ లవ్' కాదు, 'ఫాంతోమ్'. మొదటిదానికి యంత్రాంగం మొత్తం వెనకుండి తోసింది. రెండోది వచ్చేసరికి ఆ యంత్రాంగం చాలావరకు శిథిలం, శ్రోతలు చెదిరిపోయారు, ఆరేళ్ళ ఖాళీ, ఇంట్లో చావు. అలాంటప్పుడు రాసినదే మనిషిది.

2022 చివర్లో ఆ పాట పేరుతోనే నెట్‌ఫ్లిక్స్ ఒక సీరియల్ తీసింది. 'ఫస్ట్ లవ్' మళ్ళీ జాబితాల్లోకి ఎక్కింది. ఆ దారిన వెళ్ళి మొదటి ఆల్బం విన్నవాళ్ళు అక్కడే ఆగకండి. వరసలో విని, 2010కీ 2016కీ మధ్య ఉన్న ఖాళీని కూడా లెక్కలో వేసుకోండి. నా లెక్కలో ఆ ఖాళీ కూడా ఒక ఆల్బమే.