మంచె మీది మనుషులు

మంచం, మంచె రెండూ ఒక తల్లి బిడ్డలే. సంస్కృతంలోని ‘మంచ’ శబ్దం నుంచి మనకు ఈ రెండు మాటలూ వచ్చాయి. అదే మాట హిందీలో మచాన్ అయింది. వేటకు వెళ్ళిన తెల్లదొరల నోటబడి ఇంగ్లీషు నిఘంటువుల్లోకీ ఎక్కింది. ఇక్కడ మన పిల్లలు ‘ట్రీ హౌస్’ అని ముచ్చటపడే దానికీ, మన చేలో మంచెకూ చుట్టరికం వుంది. కాని చెట్టు మీది ఇళ్ళ చరిత్ర రాసిన పుస్తకాలు ఈ చుట్టరికాన్ని అంతగా పట్టించుకోవు. అందుకు కారణం వెతుక్కుంటూ నేను తెలుసుకున్న కొన్ని సంగతులను మన సంఘం సభ్యులతో పంచుకుందామని ఈ ప్రయత్నం.

పాత ఆధారాల్లో ఒకటి రోము నుంచి వచ్చింది. క్రీ.శ. 37 నుంచి 41 వరకు ఏలిన కాలిగ్యులా చక్రవర్తి వెలిత్రె ప్రాంతంలో ఒక ప్లేన్ చెట్టు మీద విందు చేశాడని పెద్ద ప్లీనీ తన ‘ప్రకృతి చరిత్ర’లో రాశాడు. లండను వీధుల్లో మనం చూసే ప్లేన్ చెట్లకు అది దగ్గర బంధువే. కొమ్మల మధ్య పలకలు పరిస్తే పదిహేనుమంది అతిథులకూ, వాళ్ళకు వడ్డించేవాళ్ళకూ చోటు సరిపోయిందట. చక్రవర్తి దానికి ‘గూడు’ అని పేరు పెట్టాడు. అతిథుల లెక్క చెప్పిన ప్లీనీ వడ్డించినవాళ్ళ లెక్క చెప్పలేదు.

ఈ దేశంలో పేరుపడ్డ చెట్టిల్లు ష్రాప్‌షైర్‌లోని పిచ్‌ఫర్డ్ హాల్‌లో వుంది. అది లైమ్ చెట్టు మీద కట్టిన చిన్న గది. (ఈ లైమ్‌కూ మన నిమ్మకూ ఏ సంబంధమూ లేదు.) పదిహేడో శతాబ్దం నాటికే అక్కడ చెట్టిల్లు వున్నట్టు దాఖలాలున్నాయి. 1832లో పదమూడేళ్ళ విక్టోరియా ఆ గదిలో నిలబడి కింద జరుగుతున్న వేటను చూసింది. అయిదేళ్ళ తర్వాత ఆమె రాణి అయింది. ఆ ముసలి చెట్టు కొమ్మలకు ఇప్పుడు ఉక్కు ఊతకర్రలు పెట్టారు.

చెట్టు మీద కూర్చునే భోగం సామాన్యులకూ అందించిన వాడు పారిస్ శివార్లలో హోటలు పెట్టిన జోసెఫ్ గ్యూస్కాఁ. 1848లో అతను పెద్ద చెస్ట్‌నట్ చెట్టు మీద బల్లలు వేయించాడు. భోజనం బుట్టలో పెట్టి గిలకతో పైకి లాగేవారు. ‘స్విస్ ఫామిలీ రాబిన్సన్’ నవల మీది మోజుతో అతను పెట్టిన రాబిన్సన్ అనే పేరు చివరికి 1909లో ఆ వూరి పేరులోనే చేరిపోయింది.

ఇవన్నీ చూడటానికి, తినటానికి, సేదదీరటానికి చెట్టెక్కినవాళ్ళ కథలు. మన మంచె కథ వేరు. నాలుగు గుంజలు పాతో, గట్టు మీది వేపచెట్టు పంగలో కర్రలు పరిచో, పైన ఇంత ఆకుకప్పు వేసేవారు. జొన్న కంకి పాలుపోసుకున్నది మొదలు కోతదాకా అదే కాపరి ఇల్లు. చేతిలో ఒడిసెల, పక్కన బెడ్డల కుప్ప. పగలు పిట్టలు, రాత్రి పందులు. మా తాతగారి చేలో పగటి కాపలాకు వచ్చే కుర్రవాడిది నా వయసే. సెలవుల్లో నేను సరదాకు మంచె ఎక్కేవాణ్ణి. వాడు ఎక్కకపోతే వాళ్ళింట్లో ఆ పూటకు గింజలుండేవి కావు. కోతలు కాగానే మంచె విప్పేసేవారు, కర్రలు పొయ్యిలోకి పోయేవి. విందు చేసిన మంచెకు చరిత్రకారుడు దొరికాడు. కాపలా కాసిన మంచెకు బూడిద మిగిలింది. పుస్తకాల్లో మన మంచె కనబడకపోవటానికి కారణం ఇదేనని నాకు తోస్తుంది.

ఈ రెండు రకాల మంచెలూ ఎదురుపడ్డ చోటు ఒకటుంది. కెన్యాలో న్యేరీ పట్టణం దగ్గర, ఏబర్డేర్ కొండల అడవిలో 1932లో ఎరిక్ షెర్‌బ్రూక్ వాకర్ అనే హోటలు యజమాని ఒక పెద్ద మర్రిజాతి చెట్టు మీద ‘ట్రీటాప్స్’ కట్టించాడు. రాత్రిపూట కింది నీటిగుంటకు వచ్చే ఏనుగులనూ ఖడ్గమృగాలనూ పైనుంచి చూడటం అక్కడి వినోదం. 1952 ఫిబ్రవరి 5 రాత్రి అక్కడ గడిపిన అతిథి ఎలిజబెత్, అంటే విక్టోరియా మునిమనవడి కూతురు. ఆ రాత్రే ఇంగ్లండులో తండ్రి నిద్రలో కన్నుమూశాడు. రాకుమారిగా చెట్టెక్కిన ఆమె దిగేనాటికి రాణి అయిపోయింది, కాని ఆ కబురు ఆమెకు మర్నాడు గాని అందలేదు. ఆ రాత్రి నిచ్చెన దగ్గర కాపలా కూర్చున్నది మనకు తెలిసినవాడే. కుమాయూఁ పులుల వేటగాడు జిమ్ కార్బెట్. 1947లో ఇండియా విడిచి న్యేరీలో స్థిరపడ్డాడు. జీవితమంతా మచానుల మీద గడిపినవాడికి డెబ్బై ఆరో యేట మళ్ళీ కాపరి ఉద్యోగమే దొరికింది.

చెట్టు కింది సంగతి కూడా చెప్పాలి. ఆ చుట్టుపక్కల మంచి భూములు చాలా వరకు తెల్లవారి సాగుకు పోయాయి. ఆఫ్రికన్ మగవాడు ‘కిపాండె’ అనే గుర్తింపు కాగితాన్ని రేకు డబ్బీలో పెట్టి మెడకు తగిలించుకు తిరగవలసి వచ్చేది. పోయిన భూముల కోసం కికుయు జాతివారు తిరగబడ్డారు. 1952 అక్టోబరులో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. 1954 మే నెలలో మౌ మౌ పోరాటకారులు ట్రీటాప్స్‌ను తగలబెట్టారు. 1957లో గుంటకు ఆవలి వైపున దాన్ని మళ్ళీ పెద్దదిగా కట్టారు. 1963లో కెన్యా స్వతంత్రమైంది.

అయినా రైతు బాధ తీరలేదు. పైనుంచి చూసే అతిథికి ఏనుగు ఒక వేడుక. అదే ఏనుగు అడవి దాటి మొక్కజొన్న చేలో పడితే రైతుకు ఏడాది తిండి పోతుంది. అందుకే 1989లో మొదలుపెట్టి 2009 నాటికి ఏబర్డేర్ అడవి చుట్టూ సుమారు 400 కిలోమీటర్ల కరెంటు కంచె వేశారు. ఈ బాధ మన చిత్తూరు జిల్లా కుప్పం వైపు వారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి అటు ఏనుగులు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఒకే ఏనుగును చూసి మురిసేవాళ్ళూ వున్నారు, భయపడి మేలుకునేవాళ్ళూ వున్నారు.

మనలో కొందరు ఇంటి వెనక తోటలో పిల్లలకు చెట్టిల్లు కట్టించాలనుకుంటున్నారు. తప్పకుండా కట్టించండి. డాక్టరుగా రెండు మాటలు చెబుతాను. చెట్టుకు ప్రాణం బెరడు కిందనే, పలచని పొరలో వుంటుంది. తాడో, తీగో మానుకు గట్టిగా చుట్టి వదిలేస్తే, చెట్టు లావెక్కేకొద్దీ అది కోసుకుపోతుంది. చేతికి రబ్బరుపట్టీ బిగించి మరిచిపోయినట్టన్నమాట. దానికంటే ఒక లావుపాటి ఉక్కు బోల్టు దింపటం నయం. చెట్టు ఆ గాయం చుట్టూ గోడ కట్టుకుని బతుకుతుంది. రెండోది, ఎత్తు తక్కువగా పెట్టి, చుట్టూ కటకటాలు వేయించండి. పడే పిల్ల చెయ్యి ఆనించి పడుతుంది, మోచేతి పైన ఎముక విరుగుతుంది.

పిల్లలు దాన్ని ‘ట్రీ హౌస్’ అంటే అననివ్వండి. దాని తెలుగు పేరు మంచె అనీ, వాళ్ళ వయసు పిల్లలే దాని మీద కూర్చుని చేలు కాశారనీ ఒక్కసారి చెప్పండి. మీ మీ వూళ్ళలో మంచె ఎలా కట్టేవారో, ఎవరు కాసేవారో, ఎంత కూలి ఇచ్చేవారో గుర్తున్నంతవరకు రాసి మన పత్రికకు పంపితే, వచ్చే సంచికలో అందరం చదువుకోవచ్చు.