ఎర్త్ రాడ్డు దింపడం, పీకడం: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం

లీకయిన కరెంటును భూమిలోకి పంపే లోహపు కడ్డీ ఎర్త్ రాడ్డు. మన దేశంలో ఎర్తింగ్ ప్రమాణం ఐఎస్ 3043. ఇనుప కడ్డీ వ్యాసం కనీసం 16 మిల్లీమీటర్లు, రాగిదైతే 12.5 ఉండాలన్నది స్థిరపడ్డ లెక్క. పొడవు సాధారణంగా 2.5 మీటర్లు.

2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో మంజీరా వైపు నల్లరేగడిలో రాడ్డు సులువుగా దిగుతుంది. కానీ వేసవిలో నేల నెర్రెలిచ్చి కడ్డీని వదిలేస్తుంది, అందుకే నీళ్లు పోస్తూ ఉండాలి. ఎర్ర చెల్కల్లో మొరం, దాని కింద రాయి. సమ్మెటతో నేరుగా బాదితే రాడ్డు తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఆపై క్లాంపు ఎక్కదు. తలకు ఇనుప టోపీ తొడిగి కొట్టడం మేలు. రాయి తగిలితే అమెరికా నియమావళి నిలువు నుంచి 45 డిగ్రీల వరకు వాల్చి కొట్టనిస్తుంది. ఇక్కడ గొయ్యి తవ్వి బొగ్గు, ఉప్పు నింపడమే వాడుక.

పీకేముందు సరఫరా ఆపి, ఎర్తు తీగ విప్పాలి. బోరు మోటారు దగ్గర ఈ జాగ్రత్త ప్రాణంతో సమానం. మొదలు చుట్టూ నీళ్లు పోసి నాననిచ్చి, పైపు పానాతో అటూఇటూ తిప్పితే మట్టి పట్టు వదులుతుంది. నేలకు దగ్గరగా గొలుసు బిగించి, బండరాయి ఆనుగా గడ్డపారతో ఎత్తాలి. గొలుసును కిందికి జార్చుకుంటూ జానెడు జానెడు లాగాలి.