రెండు జబాన్ల దిమాగ్: ఇబ్నె సీనా నుంచి నిమ్స్ దాకా



రాజోలులో మా దాదీమా ఇంటి పెరట్లో కొబ్బరి దింపు జరిగే రోజు చూడాలి. దింపువాళ్లతో "ఆయ్, ముదురు కాయలే దింపండి" అంటుంది. మరుక్షణం వంటింటి వైపు తిరిగి కోడలితో ఉర్దూలో మాట్లాడుతుంది. ఎన్నడూ బడి మొహం చూడలేదు. ఇప్పుడు ఎనభై దాటాయి. పొద్దున నాష్తా చేసిందో లేదో యాద్ ఉండదు. ఎవరితో ఏ జబాన్ మాట్లాడాలో మాత్రం ఇంతవరకూ పొరపాటు పడలేదు.

ఈ మధ్య మా చిన్నోడి బడిలో ఒక మాట చెప్పారు. "ఇంట్లో ఉర్దూ మానేయండి, రెండు భాషలైతే పిల్లాడు తికమకపడతాడు" అని. భయపడి కొన్నాళ్లు మానేశాం కూడా. తర్వాత మనసు ఒప్పక, అసలు దిమాగ్ గురించి ఇల్మ్ ఏం చెబుతోందో తారీఖ్ తిరగేశాను.

మనం రోజూ వాడే ఖయాల్, వహమ్, హాఫిజా అనే మాటలు ఒకప్పుడు హకీములకు దిమాగ్‌లోని తాకత్‌ల పేర్లు. 1037లో వఫాత్ అయిన ఇబ్నె సీనా, తలలోని ఖాళీ గదుల్లో ముందువైపు ఖయాల్, వెనకవైపు హాఫిజా ఉంటాయని రాశారు. ఆ పని చేసేది గదులు కావనీ, వాటి చుట్టూ ఉన్న మెదడు కణజాలమనీ తర్వాత తేలింది. అయినా ఒక్కో పనికి ఒక్కో చోటు ఉంటుందన్న ఆలోచన నిలిచింది. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు దానికి సుబూత్ చూపించారు. "తాన్" అనే ఒక్క మాట తప్ప ఇంకేదీ పలకలేని మరీజ్ ఇంతెకాల్ తర్వాత మెదడు పరీక్షిస్తే, ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది.

మరి ఆ భాగాల లోపల ఏముంది? 1873లో ఇటలీకి చెందిన గోల్గీ, నరాల కణాలు నల్లగా కనిపించేలా వెండి రసాయనంతో రంగు వేసే పద్ధతి కనిపెట్టారు. అవన్నీ అతుక్కుపోయిన ఒకే వల అని ఆయన నమ్మకం. అదే రంగుతో చూసిన స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్, 1888 నుంచి, కాదు, ప్రతి కణమూ విడివిడిదే అన్నారు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. అప్పటికీ ఇద్దరికీ రాజీ కుదరలేదు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కహాల్ మాటే నిజమని తేల్చింది.

మన కోనసీమవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. సఖినేటిపల్లి రేవు దగ్గర రోడ్డు ఆగిపోతుంది. మధ్యలో వశిష్ఠ. పంటు ఎక్కితేనే నర్సాపురం. న్యూరాన్ల మధ్య కూడా అలాంటి సన్నని ఎడం ఉంటుంది, దాని పేరు సినాప్స్. ఎక్కువ చోట్ల కబురును ఆ ఒడ్డుకు దాటించేది రసాయనమే. మన తలలో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉన్నాయి. ఏదైనా నేర్చుకున్నప్పుడు, మళ్లీ మళ్లీ వాడినప్పుడు ఈ రేవులు బలపడతాయి.

రెండు భాషలవాళ్లు ఒకటి మాట్లాడుతుంటే రెండోది నిద్రపోదు. దాన్ని ఆపి పట్టడం మెదడు ముందు భాగానికి రోజంతా కస్రత్. రెండు భాషలు పిల్లలకు నష్టమని ఒకప్పుడు దునియా అంతా నమ్మింది. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ పదేళ్ల పిల్లల్ని పరీక్షిస్తే, రెండు భాషల పిల్లలే మెరుగ్గా చేశారు.

ఇక మన ఇంటి సంగతి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, సహచరులు డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన షహర్ అది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో మతిమరుపు బీమారీ సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఈ ఫరఖ్ కనిపించింది. అంటే ఇది డిగ్రీల బర్కత్ మాత్రమే కాదు. వరదకి పంటు ఆగితే మనం దిండి దగ్గర చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్తాం కదా, అలా దిమాగ్‌కు ఇంకో దారి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా.

ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి. రెండు భాషలు ఈ బీమారీని ఆపుతాయని ఎవరూ అనలేదు. వేరే దేశాల్లో జరిగిన కొన్ని అధ్యయనాల్లో ఇంత తేడా కనిపించలేదు. కాబట్టి ఇంట్లో బుజుర్గులకు మతిమరుపు పెరుగుతుంటే "ఉమర్ అయింది" అని వదిలేయకండి, డాక్టరుకు చూపించండి. మేమూ దాదీమాను చూపించాం.

చిన్నోడితో మళ్లీ ఉర్దూ మొదలుపెట్టాం. మొన్న రాజోలు వెళ్తే దాదీమా వాడి పేరు మర్చిపోయి "తూ కిస్‌కా బేటా రే?" అని అడిగింది. వాడు ఉర్దూలోనే చెప్పాడు. ఐదు నిమిషాలకు మళ్లీ అడిగింది. వాడు మళ్లీ చెప్పాడు.